పేపర్ మీది పేరు, ఇంట్లో పిలుపు: పరిశోధననూ సొంత బతుకునూ కలుపుకోవడం ఎలా

మా ఇంట్లో నన్ను బుజ్జి అంటారు. పదో తరగతి మెమోలో నా పేరుకు ముందు ఇంటిపేరు ఒక్క అక్షరమై నిలబడింది. పాస్‌పోర్టుకు వచ్చేసరికి అదే ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలోకి వెళ్లింది. మొదటి పరిశోధన పేపర్ పంపిన రోజు నా పేరేమిటో నాకే తేలక జర్నల్ ఫారం ముందు అరగంట కూర్చున్నాను.

నేను చేనేత మీద పీహెచ్‌డీ చేశాను. పుట్టింది కూడా మగ్గం ఉన్న ఇంట్లోనే. ఇంటికీ పనికీ మధ్య గోడ కట్టుకోమని చాలామంది చెప్పారు. కట్టి చూశాను, ఆరు నెలలు కూడా నిలబడలేదు. ఏది ఎక్కడ కలవాలో, ఏది కలవకూడదో ముందే కూర్చుని తేల్చుకోవడమే నాకు పనికొచ్చింది. ఆ తేల్చుకునే పని ఎలా చేయాలో వరసగా చెబుతాను. పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్ల కోసం, అందులోనూ తమ ఇంటినుంచి ఈ దారిలోకి మొదటిసారి వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను.

1. మొదటి పేపర్ కంటే ముందు పేరు తేల్చుకోండి

మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. బయటి జర్నళ్లు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ప్రపంచమంతా దాన్ని ఫిస్కే–సుబ్బారో పద్ధతి అంటుంది. యల్లాప్రగడ అన్న మాట అందులో లేదు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారి 1945 నాటి ఫలితం గణాంక శాస్త్రంలో క్రామెర్–రావు అనే పేరుతో నిలిచింది. అక్కడ ఇంటిపేరు కుర్చీలో కూర్చున్నది చివరి ‘రావు’. వాళ్లంతటి వాళ్లకు దానివల్ల వచ్చిన నష్టం లేదు. మన సంగతి వేరు. పేరు చివర రావు, రెడ్డి, కుమారి, లక్ష్మి ఉంటే అదే పేరుతో వందల మంది తగులుతారు. వాళ్ల పేపర్లు మన ఖాతాలో, మనవి వాళ్ల ఖాతాలో పడతాయి.

ఒక కాగితం మీద మీ పేరు నాలుగైదు రకాలుగా రాయండి. ఇంటిపేరు పూర్తిగా వెనక పెట్టి ఒకటి, ముందు ఇనిషియల్‌తో ఒకటి, రెండు మాటలను కలిపేసి ఒకటి. ఒక్కోదాన్నీ గూగుల్ స్కాలర్‌లో వెతకండి. ఎక్కువ రద్దీ లేని రూపాన్ని తీసుకుని ఇక దాన్ని వదలకండి.

పెళ్లయ్యాక పేరు మారుతుందేమో అన్న ప్రశ్న అమ్మాయిలకు ఇక్కడే ఎదురవుతుంది. ఆధార్‌లో ఏం మార్చుకున్నా మీ ఇష్టం, పేపర్ మీది పేరు మాత్రం కదపకండి. ఇప్పటికే రెండు పేర్లతో పేపర్లు ఉంటే కంగారు పడకండి. ఆర్కిడ్ ఐడీ అని 2012 నుంచి ఒక ఏర్పాటు ఉంది. పదహారు అంకెల నంబర్ ఇస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. అందులో ‘ఇతర పేర్లు’ అనే గడిలో పాత పేరు, కొత్త పేరు, ఇనిషియల్‌తో ఉన్న పేరు అన్నీ రాసుకోవచ్చు. ఆ నంబర్ తీసుకునేటప్పుడు యూనివర్సిటీ మెయిల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు, సొంత మెయిల్ కూడా ఇవ్వండి. చదువైపోయాక యూనివర్సిటీ మెయిల్ మూతపడుతుంది. దానికే పాస్‌వర్డ్ రావాల్సి ఉంటే మీ నంబర్‌లోకి మీరే వెళ్లలేరు.

విదేశీ సదస్సుకు పేరు నమోదు చేసుకునే ఫారంలో పాస్‌పోర్టులో ఉన్న పేరే ఇవ్వండి. వీసాకు చూపించే ఆహ్వాన పత్రం ఆ పేరుతోనే వస్తుంది కాబట్టి. పేపర్ మీద మాత్రం మీరు ఎంచుకున్న పేరు.

2. ఇంట్లోవాళ్లకు చెప్పే మాట తయారుచేసుకోండి

“డాక్టర్ సదువే గదా, మరి సూదెప్పుడేస్తవ్ బిడ్డా?” అని మా నాయనమ్మ అడిగింది. నవ్వాను కానీ జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో, బస్సుల్లో అదే ప్రశ్న రకరకాలుగా వచ్చింది. ఇంకా ఎన్నేళ్లు? జీతమెంత? ఉద్యోగం ఖాయమేనా?

ఒక సాయంత్రం తీరిక చేసుకుని, మీరు చేస్తున్న పని గురించి తెలుగులో అర పేజీ రాయండి. మీ సబ్జెక్టు పదం ఒక్కటి కూడా వాడొద్దు. రాసింది ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి. వాళ్లు ఆపి అడిగిన చోట గీత గీయండి. నేను “మార్కెట్ సంబంధాల్లో స్త్రీ శ్రమ అదృశ్యం కావడం” అని చదివితే అమ్మ ఆపింది. “అంటే కండెలు సుట్టినదానికి పైసలియ్యరనా?” అంది (కండెలంటే నేతకు నూలు చుట్టే చిన్న గొట్టాలు). ఏడాదిగా గైడ్‌కు చెప్పలేక తిప్పలు పడుతున్న మాట అది. తర్వాత ఆ వాక్యమే నా మూడో అధ్యాయానికి పేరయింది.

డబ్బు సంగతి కూడా ఇంట్లో దాచకుండా చెప్పండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (మొదటి రెండేళ్ల ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (ఆ తర్వాతి ఏళ్లది) 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. వినడానికి బాగుంటుంది. కానీ ఇది నెల మొదటి తేదీన వచ్చే జీతం కాదని అందరికీ తెలియాలి. నాకు ఒకసారి నాలుగు నెలలు రాలేదు, తర్వాత ఒకేసారి పడింది. ఆ నాలుగు నెలలు బాపు దగ్గర అడగడానికి మొహమాటపడి, ఫ్రెండ్స్ దగ్గర అప్పు చేశాను. అలా చేయకండి. ఫెలోషిప్ వచ్చిన మొదటి ఏడాదిలోనే మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. చెల్లెలి పెళ్లికి ఎంత ఇవ్వగలరో, ఏ నెలలో ఇవ్వగలరో ముందే చెప్పేయండి.

పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ప్రతి ఫార్వర్డుకూ తీర్పు చెప్పాల్సిన పని లేదు. మోకాలి నొప్పికి మందు అడిగితే “నాకు తెలియదు పెద్దమ్మా” అనేయండి.

3. మీ ఊరినీ మీవాళ్లనే పరిశోధిస్తున్నారా? అయితే ఇక్కడ తొందరపడొద్దు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. అందుకే వివరంగా చెబుతాను.

సొంతవాళ్ల మధ్య పనిచేయడంలో లాభం తెలిసిందే. పడుగేదో పేకేదో ఎవరూ నేర్పక్కర్లేదు. చిటికి (రంగు అంటకుండా నూలుకు వేసే ముడి) కట్టే చేతులు చూస్తే ఆ మనిషికి ఎన్నేళ్ల అలవాటో చెప్పగలను. అసలు ప్రశ్న కూడా ఇంట్లోంచే పుట్టొచ్చు. చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మమ్మ ఆసు పోస్తూ భుజం నొప్పితో బాధపడటం చూసి లక్ష్మీ ఆసు యంత్రం చేశారు. ఆసు పోయడమంటే చీర చీరకూ నూలుతో చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పడం. ఆ యంత్రం చేసినందుకు 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బయటి ఇంజనీరుకు ఆ నొప్పి ఒక సమస్యగా కనిపించడానికే ఎన్నేళ్లు పట్టేదో.

నష్టం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మనవాళ్లతో ఇంటర్వ్యూకు కూర్చుంటే “నీకెరుకే గదా” అంటారు. ఆ మాట వచ్చిందంటే రికార్డర్‌లో ఇక ఏమీ ఉండదు. “నాకు తెలియదనుకొని చెప్పు చిన్నమ్మా” అని బతిమాలి చూశాను, ఆమె నవ్వింది. చివరికి పని చేసిన ఉపాయం ఒకటే. మా డిపార్ట్‌మెంట్‌లో చదువుతున్న శ్రీకాకుళం అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. ఆమెకు నిజంగానే ఏమీ తెలియదు. ఆమె అడిగింది, చిన్నమ్మ గంటన్నర చెప్పింది, నేను మూల కూర్చుని రాసుకున్నాను. నాకు తెలుసని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నవాటిలో సగం తప్పని ఆ రోజు తెలిసింది.

అంతకంటే పెద్ద చిక్కు అనుమతి. ఒక రాత్రి అన్నం తింటూ చిన్నమ్మ మాస్టర్ వీవర్ (నూలిచ్చి కూలికి నేయించే ఆసామి) దగ్గర ఉన్న అప్పు సంగతి చెప్పింది. బిడ్డకు చెప్పుకున్న బాధ అది. నేను గదిలోకి వెళ్లి నోట్‌బుక్‌లో రాశాను. నెల తర్వాత చాప్టర్ డ్రాఫ్ట్‌లో పెట్టాను. చదువుకుంటే నాకే కడుపులో తిప్పినట్టయింది. మళ్లీ ఊరికి వెళ్లి అడిగాను. “రాస్కో, గని మీ చిన్నబాపు పేరు రావొద్దు” అంది. పేరు తీసేశాను. కానీ ఆ వాడలో మూడు మగ్గాలున్న ఇల్లు అదొక్కటే. పేరు లేకపోయినా ఊళ్లో ఎవరు చదివినా పట్టేస్తారు. చివరికి మగ్గాల లెక్క, వాడ పేరు, అప్పు మొత్తం అన్నీ తీసేయాల్సి వచ్చింది. మిగిలింది రెండు వాక్యాలు.

ఆ తర్వాత నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మీకూ పనికొస్తుంది.

రెండు నోట్‌బుక్‌లు ఉంచండి. ఒకటి కూతురిగా, మేనకోడలిగా విన్నవాటికి. రెండోది పరిశోధకురాలిగా, చెప్పి కూర్చుని విన్నవాటికి. మొదటి దాంట్లోని ఏ మాటైనా రెండో దాంట్లోకి రావాలంటే ఆ మనిషిని ఇంకో రోజు, ఇంకో చోట మళ్లీ అడగాలి. అన్నం పెడుతున్నప్పుడు అడగొద్దు. మన ముందు కాదనలేరు కాబట్టి, “వద్దనుకుంటే చెల్లెతో చెప్పి పంపు చాలు” అని ఒక దారి వదలండి. నాకు అలా రెండు ‘వద్దు’లు వచ్చాయి. రెండూ నాకు బాగా కావలసినవే, అయినా వదిలేశాను.

పేర్లు మార్చడంతో ఆగకుండా, ఆ ఊరివాళ్లు చదివితే ఎవరో గుర్తుపడతారా అని చూడండి. గుర్తుపట్టేలా ఉన్న వివరాన్ని మార్చండి, లేదా తీసేయండి.

నోట్సు కాపీలు వేరువేరు ఊళ్లలో దాచండి. సామాజికవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతంలోని ఒక గ్రామం మీద ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెడితే కాలిపోయాయి. మూడూ ఒకే చోట ఉన్నాయి మరి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి ఆ ఊరి గురించి పుస్తకం రాశారు, 1976లో వచ్చింది. అది గొప్ప పుస్తకమే. మనకు అంత జ్ఞాపకశక్తి ఉందని మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు.

థీసిస్‌లో మీరెవరో చెప్పే పేరా ఒకటి రాయండి, ఆత్మకథ అక్కర్లేదు. ఆ పనితో మీ కుటుంబానికి ఏం సంబంధం, ఎవరి తలుపులు మీకు సులువుగా తెరుచుకున్నాయి, ఎవరు మీతో మాట్లాడలేదు, ఈ మూడు చాలు. మాస్టర్ వీవర్ల ఇళ్లలో నాకు టీ ఇచ్చారు కానీ లెక్కలు చెప్పలేదు. నేను ఏ ఇంటి పిల్లనో వాళ్లకు తెలుసు. ఆ మాట రాసినందుకు వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) ఎగ్జామినర్ మెచ్చుకున్నారు. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట గ్రామం మీద మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే గారు పనిచేసిన కాలంలో ఊరికి వెళ్లేది ఉస్మానియా నుంచి వచ్చిన బయటి బృందం. ఇప్పుడు ఆ ఊళ్ల పిల్లలమే నోట్‌బుక్ పట్టుకుని తిరుగుతున్నాం. కాబట్టి ఎవరు అడిగారన్నది చదివేవాళ్లకు తెలియాలి.

ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు ఒక్క మాట: ఇంట్లోవాళ్లే కదా అని అమ్మ రక్తం, తమ్ముడి లాలాజలం శాంపిల్‌గా తీసుకోకండి. ఎథిక్స్ కమిటీ అనుమతి సొంతవాళ్లకూ కావాలి.

4. రెండు క్యాలెండర్లను ఒకటి చేయండి

ఏడాది మొదట్లోనే సంక్రాంతి, బతుకమ్మ, దగ్గరివాళ్ల పెళ్లిళ్లు, సంవత్సరీకాలు ఒక రంగుతో రాయండి. కోర్సు వర్క్ పరీక్షలు, ఆరు నెలలకోసారి ఇచ్చే ప్రోగ్రెస్ రిపోర్టు, సదస్సు గడువులు ఇంకో రంగుతో. ఎక్కడ గుద్దుకుంటున్నాయో ముందే కనబడుతుంది. పెళ్లికి రాలేనని మూడు నెలల ముందు చెబితే కోపం వస్తుంది, పోతుంది. ముందురోజు చెబితే పదేళ్లు గుర్తుంటుంది.

విదేశీ సదస్సుల గడువు పక్కన ‘ఎనీవేర్ ఆన్ ఎర్త్’ అని ఉందేమో చూడండి. అంటే భూమ్మీద అన్నిటికంటే వెనకబడిన టైమ్ జోన్ లెక్క. అక్కడ రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు సాయంత్రం 5:29. ఇది తెలియక నేను ఒక దీపావళి రాత్రి టపాసుల మోతలో కూర్చుని పేపర్ పంపాను. పొద్దున్నే లేచి తీరిగ్గా పంపినా సరిపోయేది.

5. సెలవు హక్కును కాగితం మీద చదవండి

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు. స్త్రీలకు, 40 శాతం కంటే ఎక్కువ వైకల్యం ఉన్నవారికి ఆ పైన మరో రెండేళ్లు, మొత్తం పదేళ్లు దాటకూడదు. మొత్తం పీహెచ్‌డీ కాలంలో స్త్రీలకు ప్రసూతి లేదా పిల్లల సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఇవ్వొచ్చు. ఆఫీసులో “అట్లాంటిదేం లేదమ్మా” అని ఎవరైనా అంటే నిబంధనల పేజీ ప్రింట్ తీసుకెళ్లి చూపించండి. నా స్నేహితురాలికి ఆ కాగితం చూపించాకే ఫైలు కదిలింది. సెలవు కాలంలో ఫెలోషిప్ ఎలా వస్తుందన్నది దాన్ని ఇచ్చే సంస్థను మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

సైన్స్ పరిశోధన మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ వారి వైజ్-కిరణ్ పథకాలు ఉన్నాయి. సీవీలో ఖాళీ కాలాన్ని దాచకండి. “2019–2021: పిల్లల సంరక్షణ కోసం విరామం” అని ఒక్క లైను రాస్తే చాలు. సంజాయిషీ అక్కర్లేదు.

6. గైడ్‌కు ఎంత చెప్పాలి

ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదు, పని ఆలస్యమవుతుంది. అప్పుడు గైడ్‌కు కావలసినవి రెండే: ఎన్ని రోజులు, ఏ పని ఆగుతుంది. “సార్, నాన్నగారికి ఆపరేషన్. 20వ తేదీ దాకా ఊళ్లో ఉంటాను. రెండో చాప్టర్ నెలాఖరుకు ఇస్తాను” అని మెయిల్ పెట్టండి. ముఖాముఖి చెప్పినా సరే, ఆ తర్వాత మెయిల్ పెట్టండి. మాట మరచిపోతారు, మెయిల్ ఉంటుంది.

రెండో వైపు సంగతి కూడా ఉంది. గైడ్ ఇంట్లో ఫంక్షన్‌కు వెళ్లి వడ్డించడం వేరు, వాళ్ల పిల్లల హోంవర్క్, కరెంటు బిల్లు మన నెత్తిన పడటం వేరు. మొదటిసారే “ఈ వారం డేటా ఎంట్రీ ఉంది మేడమ్” అనడం తేలిక. పదోసారి అనడం చాలా కష్టం. నేను తొమ్మిదోసారి దాకా ఆగాను.

7. ఫోన్

ఫొటోలు, పండుగలు ఉన్న ఖాతాను ఇంటికి, స్నేహితులకు వదిలేయండి. పేపర్లు, సదస్సులు ఉన్నది అందరికీ కనబడనివ్వండి. ఫీల్డ్‌లో కలిసినవాళ్ల ఫొటో ఏ ఖాతాలోనూ వద్దు, స్టేటస్‌లో కూడా. మీరు రివ్యూ చేస్తున్న పేపర్ గురించి ఎక్కడా మాట్లాడొద్దు. పేపర్ తిప్పికొట్టారని ఏడుస్తూ పెట్టిన పోస్టును ఉద్యోగ ఇంటర్వ్యూ కమిటీలో ఎవరైనా చూస్తారా అంటే, చూస్తారు.

8. చివరి పేజీలు, చివరి రోజు

కృతజ్ఞతల పేజీ ఆఖరి రాత్రి నిద్రమత్తులో రాస్తాం. బైండింగ్ షాపులో కూర్చుని రాసినవాళ్లను కూడా చూశాను. కానీ థీసిస్ సాఫ్ట్ కాపీ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలోకి వెళ్తుంది. అక్కడ ఎవరైనా తెరిచి చదవొచ్చు. థీసిస్‌లో అందరూ చదివేది కూడా ఆ పేజీనే. విడిపోయిన మనిషి పేరు, ఇంట్లో గొడవ, అమ్మ జబ్బు పేరు అందులో రాసేముందు ఒక రాత్రి ఆగండి. నేను రెండు కాపీలు రాశాను. పొడుగుది, అన్నీ ఉన్నది, అమ్మకు చదివి వినిపించి ఇంట్లో పెట్టాను. థీసిస్‌లో ఏడు లైన్లే. అందులో చిన్నమ్మ పేరు లేదు, ఎందుకో మీకు తెలుసు.

వైవా తేదీ తెలిశాక ఇంట్లోవాళ్లను తీసుకురావాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. వైవా నలుగురి ముందు జరిగేదే. డిపార్ట్‌మెంట్ హెడ్‌ను ఒక మాట అడిగితే సాధారణంగా వెనక వరసలో కూర్చోనిస్తారు. తీసుకురండి. ప్రశ్నలు గట్టిగా ఉంటాయని, అది తిట్టడం కాదని ముందే చెప్పండి. చెప్పకపోతే మా బాపులాగా మధ్యలో లేచి బయటికి వెళ్లిపోతారు. ప్రెజెంటేషన్ మొదటి స్లైడ్ ఒకటి తెలుగులో పెట్టండి, ఎవరూ కాదనరు. నేను అమ్మ వాక్యం పెట్టాను, కండెలది.

టీ, సమోసాల ఏర్పాటు చాలాచోట్ల స్కాలర్‌ మీదే పడుతుంది. ఎన్ని చెప్పాలో ఆఫీసులో అడిగి, ఊరినుంచి వచ్చేవాళ్లను దానికి కలపండి. నేను నలభై చెప్పాను. మావాళ్లే పద్దెనిమిది మంది వచ్చారు.